ఛాయాచిత్రమునకు పూర్వము: కల్నల్ మెకంజీ

మచిలీపట్టణమునుండి పెడన మీదుగా గుడివాడకు పోవు రైలుబండిలో కూర్చున్నవారి కంటికి మిట్ట కాని గుట్ట కాని ఆనదు. కనుచూపు మేర వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు, అక్కడక్కడ ఒక పంటకాలువ, దూరాన ఒక గుడి శిఖరము. నేటి యాత్రికుడు కిటికీలోనుండి చేయి చాచి ఈ దృశ్యమును రెప్పపాటులో పటముగా పట్టుకొనగలడు. అయితే ఆ పటములో పడునదంతయు ఎంత పాతది? కాలువలు 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన తరువాత వచ్చినవి. రెండు పంటల పచ్చదనము వానితో వచ్చినది. 1864 నవంబరులో ఉప్పెన వచ్చి మచిలీపట్టణమును ముంచి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ ఒక్క రాత్రి తీరముమీది ఊళ్ల రూపు మారిపోయినది. కాలువలకు, ఉప్పెనకు ముందు ఈ నేల ఎట్లుండెనో చూపు ఛాయాచిత్రము ఉండుట కష్టము. ఆ విద్య లోకమునకు వెల్లడియైనదే 1839లో.

అంతకు 18 ఏండ్ల ముందే కన్నుమూసిన ఒక మనిషి, కెమెరా లేని రోజులలో, తెలుగుదేశపు కొండలను, కోటలను, చెరువులను, గుళ్లను, వాని వెనుకనున్న కథలతోసహా కాగితము మీదికి ఎక్కించవలెనని జీవితమంతా శ్రమించినాడు. ఆయనే కల్నల్ కాలిన్ మెకంజీ. కైఫీయతులనగానే మన చరిత్రకారులకు జ్ఞప్తికి వచ్చు పేరు అది. కైఫీయతుల మెకంజీని ఎరిగినంతగా చిత్రముల మెకంజీని మనవారు ఎరుగరు.

స్కాట్లండుకు వాయవ్యమున సముద్రములో లూయిస్ అను ద్వీపమున్నది. అందలి రేవుపట్టణము స్టోర్నవే. 1754 ప్రాంతమున మెకంజీ అక్కడ జన్మించినాడు. తండ్రి వర్తకుడు. కాలిన్ యౌవనములో ఆ రేవులోనే సుంకముల కచేరీలో ఉద్యోగము చేసినాడు. గణితమునందు ఆయనకు గల అభిరుచి నేపియర్ ప్రభువు దృష్టికి వచ్చినది. సంవర్గమానములను కనిపెట్టిన జాన్ నేపియర్ ఈ ప్రభువుకు పూర్వికుడు. ఆ గణితవేత్త జీవితచరిత్రను వ్రాయవలెనని ప్రభువు సంకల్పించి, హిందువుల గణితమును గూర్చిన సమాచారమును కూర్చుటకు కాలిన్ సహాయము తీసుకొన్నాడు. గ్రంథము పూర్తికాకముందే ప్రభువు మరణించినాడు. కాని మెకంజీ మనస్సులో హిందూదేశమన్న విత్తనము పడిపోయినది. 1783లో, ముప్పది ఏండ్ల వయస్సులో, ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి మదరాసులో ఓడ దిగినాడు. సైనికోద్యోగమునకు అది ఆలస్యపు వయస్సే. ఆయన మరల స్వదేశమును చూడలేదు.

వచ్చిన కొలది కాలమునకే మధురకు పిలుపు వచ్చినది. నేపియర్ ప్రభువు కుమార్తె హెస్టర్ భర్త జాన్‌స్టన్‌తోకూడ అక్కడ నివసించుచుండెను. తండ్రి విడిచిన పనిని కొనసాగింపవలెనని ఆమె కోరిక. ఆమె ఇంట మెకంజీకి మధుర పండితులతో పరిచయము కలిగినది. గణితము కొరకు మొదలైన ఆ సంభాషణలు పురాణములకు, రాజవంశములకు, శాసనములకు విస్తరించినవి. ఆ జీవితచరిత్రను మెకంజీ ఏనాడును వ్రాయలేదు. అయితే తరువాతి నలుబది ఏండ్లు ఆయన చేసిన వృత్తికి, అనగా త్రికోణములు కట్టి దేశమును కొలుచుటకు, నేపియర్ సంవర్గమానములే పనిముట్లు. ఇది ఒక చిత్రమైన ఋణానుబంధము.

సర్వే పని ఎట్లు జరిగెడిదో కొంచెము తెలిసికొనిననే మెకంజీ చిత్రముల విలువ తెలియును. మొదట సమతలమైన చోట ఒక సరళరేఖను గొలుసుతో అతి జాగ్రత్తగా కొలుతురు. దానికి ఆధారరేఖ అని పేరు. దాని రెండు కొసలనుండి దూరముననున్న ఒక కొండశిఖరమునో గోపురమునో థియొడలైటు యంత్రముతో చూచి కోణములను గుర్తింతురు. త్రికోణములో ఒక భుజము, రెండు కోణములు తెలిసినచో మిగిలిన రెండు భుజములు లెక్కకు వచ్చును. ఆ భుజమును ఆధారము చేసికొని మరొక త్రికోణము, దానిపై ఇంకొకటి; ఇట్లు వలపన్నినట్లు దేశమంతయు అల్లుకొనిపోవుదురు. ఈ వలకన్నుల నడుమ ఊళ్లు, వాగులు, చెరువులు, బాటలు, అడవులు చేర్చవలెను. అవి లెక్కలతో రావు. మనిషి నడచిపోయి, చూచి, గీయవలెను. అందుచేత సర్వేయరు సగము గణితజ్ఞుడు, సగము చిత్రకారుడు కాక తప్పదు. ఏ కొండ ఏ దిక్కునుండి ఎట్లు కనిపించునో గీసి ఉంచుకొననిచో రేపు మరొక చోటినుండి దానిని పోల్చుకొనుటయే సాధ్యము కాదు. దృశ్యమును చిత్రించుట ఆయనకు వినోదము కాదు, పనిలో భాగము.

ఈ పనికి మనుష్యులు కావలెను. మైకేల్ టాపింగ్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుని పూనికతో 1794లో మదరాసు వేధశాలకు అనుబంధముగా ఒక సర్వే పాఠశాల ఏర్పడినది. టాపింగు పేరు కృష్ణా మండలమువారు మరువదగినది కాదు. కృష్ణా గోదావరుల నీటిని పొలములకు మళ్లించు విషయమును కాటన్ దొరకు అరశతాబ్దము ముందే పరిశీలించి, 1796లో మచిలీపట్టణముననే మరణించినాడు. ఆయన పాఠశాలలో చదివిన పిల్లలు పెరిగి మెకంజీకి కుడిభుజములైనారు. అమరావతి శిల్పములను గీసినవారిలో అట్టివారున్నారు.

మెకంజీ తొలి సంవత్సరములలో నెల్లూరు, గుంటూరు సీమలను కొలిచినాడు. 1790 నుండి 1792 వరకు టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమున పాల్గొన్నాడు. పిమ్మట నిజాము రాజ్యములోనున్న కంపెనీ సైన్యమునకు ఇంజనీరుగా, సర్వేయరుగా నియమితుడై దక్కను భూములను తిరిగినాడు. నడుమ పుదుచ్చేరి ముట్టడి, సింహళ దండయాత్ర. మ్యాపు యుద్ధమునకు ఆయుధము. శిస్తు విధించుటకు ఆధారము. మెకంజీకి జీతమిచ్చిన కంపెనీ ఉద్దేశము ఈ రెండే. దీనిని మరచి ఆయనను కేవలము జ్ఞానపిపాసిగా కీర్తించుట చరిత్రకు న్యాయము కాదు. అయితే కంపెనీ అడిగినది నూరు పాళ్లైనచో ఆయన కూర్చినది వేయి పాళ్లు. ఆ అదనపు తొమ్మిదివందలకు కంపెనీ పెద్దగా డబ్బిచ్చినది లేదు.

1796లో సింహళమునుండి తిరిగివచ్చిన తరువాత ఆయన జీవితమున ముఖ్యమైన పరిచయము జరిగినది. ఏలూరికి చెందిన కావలి వెంకట బొర్రయ్య ఆయన వద్ద దుబాసిగా చేరినాడు. అప్పటికి బొర్రయ్యకు ఇరువది ఏండ్లు. మెకంజీకి తెలుగు రాదు, తమిళము రాదు, సంస్కృతము రాదు. ఏ దేశభాషయు రాదు. పదుమూడేండ్లు ఈ దేశమున తిరిగియు తలుపు బయటనే నిలిచియుండినట్లు ఆయనకే తోచినది. ఆ తలుపు తెరచినవాడు బొర్రయ్యయేనని తరువాత 1817లో వ్రాసిన ఒక లేఖలో ఆయన నిర్మొగమాటముగా ఒప్పుకొన్నాడు. ఒక తెల్లదొర నోట, ఆ కాలమున, ఈ మాట వచ్చుట సామాన్యము కాదు.

బొర్రయ్యది విశేషమైన బుద్ధి. సంస్కృతము, తెలుగు, తమిళము, కన్నడము, ఆంగ్లము ఎరిగినవాడు. ఊరూరు తిరిగి వృద్ధులతోను, మఠాధిపతులతోను, కరణములతోను మాటాడి నమ్మకము సంపాదించు నేర్పు ఆయనకున్నది. హళెగన్నడ శాసనముల లిపిని చదువుటకు మార్గము కనుగొన్నాడు. జైనులను గూర్చి ఒక జైనాచార్యునినుండి ఆయన సేకరించి ఆంగ్లమున వ్రాసిన వృత్తాంతము కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి ప్రకటనల 9వ సంపుటమున ఆయన పేరుతోనే వెలువడినది. అది అచ్చైననాటికి ఆయన జీవించి లేడు. 1803లో, ముప్పది ఏండ్లైనను నిండకముందే, బొర్రయ్య మరణించినాడు. ఆయన స్థానమును తమ్ముడు లక్ష్మయ్య స్వీకరించినాడు. మరొక సోదరుడు రామస్వామి కూడ ఈ పనిలో కొంతకాలము పాల్గొని, 1829లో దక్షిణదేశ కవుల జీవితములను ఆంగ్లమున ప్రకటించినాడు. ఏలూరి కుటుంబమొకటి లేకున్నచో మెకంజీ సంగ్రహము అన్న మాటయే ఉండెడిది కాదు.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన తరువాత మైసూరు రాజ్యపు సర్వే మెకంజీకి అప్పగింపబడినది. కొలతలు మాత్రమే కాక నేల స్వభావము, పంటలు, చెరువులు, గనులు, వృక్షములు, జనుల వృత్తులు, ప్రాచీన చరిత్ర, అన్నియు ఒకే నివేదికలో చేరవలెనని ఆయన పథకము. సామర్లకోట తోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హెయిన్ ఈ పరివారమున చేర్చబడినాడు. ఖర్చు ఎక్కువగుచున్నదని లండనులోని అధికారులు వెంటనే కత్తెర వేసినారు. అడవిజ్వరములు మనుష్యులను తినివేసినవి. అయినను 1809 నాటికి సుమారు 40,000 చదరపు మైళ్ల నేల కాగితముమీదికి వచ్చినది. 1810లో ఆయన మదరాసు రాజధానికి సర్వేయర్ జనరల్ అయినాడు.

ఈ ఉద్యోగములన్నిటి నడుమ కైఫీయతుల సేకరణ సాగుచునే యుండినది. కైఫీయతు అనగా ఒక ఊరివారు చెప్పుకొను స్థితిగతుల వృత్తాంతము. ఊరు ఎవరు కట్టిరి, పేరు ఎట్లు వచ్చినది, గుడి ఎవరు ప్రతిష్ఠించిరి, గజపతుల కాలమున ఎవరికి మిరాసి, రాయల కాలమున ఎవరికి అగ్రహారము, తురకల దండు వచ్చినప్పుడు ఏమైనది, చెరువు ఎప్పుడు తెగినది. ఇట్టి విషయములు కరణముల ఇండ్లలో దండకవిలెలలో ఉండెడివి. లక్ష్మయ్య, నారాయణరావు మొదలగువారు ఊరూరు తిరిగి వానిని వ్రాయించి, శాసనముల ప్రతులు తీసి, నాణెములు కొని, చూచినదానిని దినచర్యలుగా వ్రాసి పంపెడివారు. ఊరివారు వీరిని అనుమానముతో చూచుట సహజమే. దొరల మనుష్యులు వచ్చి పొలముల మాట అడిగిన శిస్తు పెంచుటకు కాక మరెందుకు? కరణములు కొందరు తమ వంశమునకు లాభముగా ఒక మాట కలిపియుందురు. ఒక మాట మింగియుందురు. కైఫీయతును శాసనముతో పోల్చి చూడక నమ్మరాదు. అయితే ఒక్క గ్రామమువాడు తన నేలను గూర్చి తానేమనుకొన్నాడో చెప్పు ఆధారము మరియొకటి మనకు అంత విరివిగా లేదు. మ్యాపులో చుక్కగా ఉన్న ఊరు కైఫీయతులో నోరు విప్పినది.

ఇక అమరావతి. కృష్ణ ఒడ్డున ధాన్యకటకము దగ్గర ఒక పెద్ద దిబ్బ ఉండెను. ఊరివారు దానిని దీపాలదిన్నె అనెడివారు. 18వ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లి విడిచి అక్కడ నూతన నగరము నిర్మింప మొదలిడినాడు. ఇటుకలకు, రాళ్లకు కూలివారు దిబ్బను త్రవ్వగా చెక్కిన పాలరాతి పలకలు బయటపడినవి. ఈ వార్త విని 1798లో మెకంజీ వచ్చి చూచినాడు. ఆగుటకు ఆయనకు తీరిక లేదు. ఒకటి రెండు దినములు చూచి, కొన్ని వివరములు వ్రాసికొని పోయినాడు. ఆ శిల్పములు జైనులవేమోనని ఆయన ఊహించినాడు. బౌద్ధము ఈ దేశమున మరపునకు వచ్చి అనేక శతాబ్దములైన కాలమది. ఎవరైనను అట్లే పొరబడెడివారు.

తరువాత 1811లో జావా దండయాత్ర వచ్చినది. రెండేండ్లకు మించి అక్కడ గడిపి, ప్రంబనన్ శిథిలాలయములను చూచి వృత్తాంతము వ్రాసినాడు. పెట్రొనెల్లా బార్టెల్సు అను డచ్చి యువతిని అక్కడనే వివాహమాడినాడు. తిరిగివచ్చిన పిమ్మట 1815లో భారతదేశమునకంతటికి సర్వేయర్ జనరల్ అయినాడు. ఆ పదవి పొందినవారిలో ఆయనయే ప్రథముడు. కలకత్తాకు పోవలసియుండియు రెండేండ్లు మదరాసులోనే జాగుచేసినాడు. కారణములలో అమరావతి ఒకటి.

1816లో మరల వచ్చి చూచునప్పటికి దిబ్బ దిబ్బగా లేదు. నడిమి భాగమును త్రవ్వి కోనేరు చేసినారు. శిల్పములు మెట్లకు, గోడలకు, గుళ్లకు పోయినవి. పదునెనిమిది సంవత్సరముల క్రిందట నిలిచియున్నవి ఇప్పుడు లేవు. మెకంజీ చేసినదేమనగా, తన చిత్రకారులను అక్కడ దింపినాడు. మిగిలినదానిలో ఏ పలక ఎక్కడ ఉన్నదో చూపు పటము గీయించినాడు. ఒక్కొక్క పలకను కొలిచి, దాని పగులును, విరిగిన అంచును కూడ దాచక, సున్నితముగా గీయించినాడు. ఆ పని కొన్ని ఏండ్లు సాగినది. అందమునకు గీసిన బొమ్మలు కావవి. నీడ పడినచోట నీడ, ముక్కు విరిగినచోట విరిగిన ముక్కు. ఉన్నది ఉన్నట్లు చూపుటయే వాని పరమార్థము. తరువాతి తరమున కెమెరాకు అప్పగింపబడిన పని ఇదియే.

ఆ పనికి ఎంత అవసరముండినదో త్వరలోనే మచిలీపట్టణము వీధిలో కనబడినది. అక్కడ రాబర్ట్‌సన్ అను అధికారి తన పేరిట ఒక కొత్త పేట కట్టించి, దాని నడుమ ఒక చిన్న మంటపము వంటిది లేపి, అమరావతినుండి తెప్పించిన పలకలను దాని చుట్టును అలంకారముగా అమర్చినాడు. రెండువేల ఏండ్లనాటి స్తూపము ముక్కలు అంగడివీధికి అందము తెచ్చు సామగ్రి అయినవి. ఊరివారికి అవి చూడముచ్చటగా ఉండియుండును. కాని స్తూపములో ఏ పలక ప్రక్కన ఏ పలక ఉండెనో ఆ వరుస తప్పిన తరువాత అందలి కథ చదువువాడు లేడు. ఈ విధముగా తెచ్చిన శిల్పములు పిమ్మట మదరాసు మ్యూజియమునకు చేరినవి. పేట పేరు మచిలీపట్టణములో నేటికిని రాబర్ట్‌సన్‌పేటయే.

1817లో మెకంజీ కలకత్తాకు పోయినాడు. లక్ష్మయ్య మొదలగు సహాయకులు వెంట వెళ్లినారు. అంతకు ముందు సంవత్సరము థామస్ హికీ అను చిత్రకారుడు ఆయన రూపమును తైలవర్ణములలో చిత్రించినాడు. ఎర్రని సైనిక దుస్తులలో మెకంజీ నిలిచియున్నాడు. చుట్టును ముగ్గురు భారతీయులు. ఒకని చేత దూరదర్శిని. మరొకరి చేత తాటాకు గ్రంథము. దూరాన కొండపై గోమటేశ్వర విగ్రహము. దొరల పటములలో నౌకర్లు సాధారణముగా మూలనుందురు; ఈ పటములో వారు దొరతో సమానమైన వెలుగులోనే నిలిచినారు.

కూర్చినదానిని వరుసపెట్టి, వివరణలతో ఒక పట్టికను ప్రకటింపవలెనని మెకంజీ కోరిక. అది నెరవేరలేదు. 1821 మే 8న కలకత్తా సమీపమున మరణించినాడు. అక్కడి సౌత్ పార్కు వీధి శ్మశానములో ఆయనను సమాధి చేసినారు. ఆయన విడిచినదానిని లెక్కించునప్పటికి 14 భాషలలోని 1,568 గ్రంథములు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనముల ప్రతులు, 2,630 చిత్రములు, 79 పటములు, 6,218 నాణెములు తేలినవి. వీనికి ఆయన తన సొంత సొమ్ము 15,000 పౌండ్లకు పైగా వ్యయము చేసినాడు. ఆయన భార్యకు కంపెనీ 10,000 పౌండ్లిచ్చి, అనగా నాటి లెక్కకు లక్ష రూపాయలిచ్చి, ఆ సంగ్రహమును కొన్నది. బేరము ఎవరికి లాభించినదో బడిపిల్లవాడును చెప్పగలడు.

హెచ్. హెచ్. విల్సన్ 1828లో ఆ సంగ్రహమునకు ఒక పట్టిక ప్రకటించినాడు. ఆ తరువాత కట్టలు విడిపోయినవి. కొన్ని లండనుకు, కొన్ని మదరాసుకు, కొన్ని కలకత్తాలో. మెకంజీ మరణముతో పని ఆగిపోరాదని లక్ష్మయ్య తపించినాడు. మదరాసులో దేశీయులతో ఒక సాహిత్య సంఘమును నెలకొల్పినాడు. సేకరణను తాను కొనసాగింతునని, సహాయము చేయవలెనని ప్రభుత్వమును వేడినాడు. ఈ విన్నపము ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయమునకు పోగా, 1836లో ఆ సంఘపు కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ ఇది లక్ష్మయ్య వంటి దేశీయునికి అప్పగింపదగిన పని కాదని తేల్చినాడు. బ్రాహ్మీలిపిని చదివి మన ప్రాచీన చరిత్రకు వెలుగు చూపినవాడు ప్రిన్సెప్; ఆయన పాండిత్యమునకు లోటు లేదు. కాని ఈ నిర్ణయము అన్యాయమని చెప్పక తప్పదు. ముప్పది ఏండ్లకు పైగా ఊరూరు తిరిగి సగము సంగ్రహమును తన చేతులతో కూర్చినవాడు దానిని కొనసాగించుటకు తగడట! మెకంజీ బ్రతికియున్నచో ఈ మాట వినియుండడు.

మదరాసుకు చేరిన కాగితములు పురుగులకు, చెమ్మకు ఆహారమగుచుండినవి. మచిలీపట్టణము, రాజమహేంద్రవరము, కడపలలో ఉద్యోగము చేసి తెలుగునకు జీవితము ధారపోసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను వానిని పట్టించుకొని, చెడిపోవుచున్న స్థానిక చరిత్రలకు కొత్త ప్రతులు వ్రాయించినాడు. లండనులో పడియున్న తెలుగు గ్రంథములను తిరిగి మదరాసుకు రప్పించినాడు. నేడు అవి మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున ఉన్నవి. కడప మండలపు కైఫీయతులను అక్కడి బ్రౌను పరిశోధన కేంద్రము సంపుటములుగా అచ్చొత్తించినది.

అమరావతి శిలల కథ ఇంకను కొంత మిగిలియున్నది. 1845లో వాల్టర్ ఇలియట్ మరల త్రవ్వించి, దొరికిన పలకలను మదరాసుకు పంపినాడు. అక్కడ ఏండ్ల తరబడి అవి ఎండకు, వానకు ఆరుబయట పడియున్నవి. 1858లో మదరాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు కెప్టెన్ లిన్నియస్ ట్రైప్ వచ్చి, ఆ పలకలను, మ్యూజియములోని మరికొన్ని వస్తువులను 75 ఛాయాచిత్రములుగా తీసినాడు. మరుసటి సంవత్సరము శిలలలో పెక్కు ఓడనెక్కి లండనుకు పోయినవి. 1880 నుండి అవి బ్రిటిష్ మ్యూజియములో ఉన్నవి. మిగిలినవి మదరాసులో ఉన్నవి.

ట్రైప్ ఛాయాచిత్రములను మెకంజీ చిత్రముల ప్రక్కన ఉంచి చూచువారికి ఒక విషయము తోచును. కెమెరా తన ముందుకు వచ్చిన రాతిని మాత్రము చూపగలిగినది. ఆ రాయి అప్పటికే నేల విడిచి తిరిగి, అరిగి, పగిలి వచ్చినది. మెకంజీ చిత్రకారులు దానిని అది పుట్టిన నేలమీద చూచినారు. వారు గీసిన పలకలలో కొన్ని లండనులోను లేవు, మదరాసులోను లేవు. 1816కును 1845కును నడుమ అవి ఏ గోడలో చేరినవో, ఏ సున్నపుబట్టీలో కాలినవో; కాగితము మీద మాత్రము వాని స్త్రీలు, ఏనుగులు, స్తూపమునకు మ్రొక్కు నాగులు నేటికిని స్ఫుటముగా ఉన్నారు. ఆ కాగితములు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఒక సంపుటముగా కుట్టబడి ఉన్నవి.